నలభై ఒకటో నిమిషంలో నవ్వు

నా రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుందనగా, జూన్ నెలలో, నాకొక హిందీ సినిమా అప్పగించారు. అప్పటికి నేను యూనివర్సిటీలో దృశ్య శ్రవణ విభాగానికి ప్రేక్షక పరిశోధన అధికారిని. హోదా వినడానికి ఘనంగా ఉంటుంది కానీ చేసే పని రెండు ముక్కల్లో తేలిపోతుంది: సినిమా చూస్తున్నవాళ్ళని చూడటం. నా పైన ఒక డైరెక్టరు, నా కింద ఇద్దరు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ సెలవులోనే ఉండేవారు. చేతులు కడుక్కోమనీ, పిల్లలకి టీకాలు వేయించమనీ చెప్పే పది నిమిషాల చిత్రాలు వేసి, జనం ముఖాలు రాసుకుంటూ బతికినదాన్ని. రెండు గంటల పైచిలుకు సినిమా మా విభాగం గడప తొక్కడం అదే మొదలు.

సినిమా పేరు ఇక్కడ అనవసరం. మురుగు కాలువల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకునే కార్మికుల మీద తీశారు. కుర్ర ఇంజనీరు ఒకడు ఆ చావులు చూసి తట్టుకోలేక పెద్దవాళ్ళతో పోట్లాడతాడు, చివరికి గెలుస్తాడు. సోషియాలజీ ప్రొఫెసర్ విమల గారు ఈ సినిమాతో ఒక ప్రాజెక్టు తయారుచేసుకుని మా దగ్గరికి వచ్చారు. ఆవిడ ప్రశ్న సూటిగా ఉంది. ఇలాంటి సినిమా చూశాక మనిషి మారతాడా? మూడు రకాల ప్రేక్షకులకి చూపించి, మూడు బృందాల స్పందనా పోల్చి రిపోర్టు ఇవ్వాలి. విద్యార్థులు మొదటి బృందం. తార్నాకలో ఒక కాలనీ వాళ్ళు రెండోది. ఆ పనే చేసే కార్మికులు మూడోది.

ఆ కాలనీ మా కాలనీయే. సొంతవాళ్ళని కొలవకూడదని మా పద్ధతి పుస్తకాల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. కానీ హాలు ఉచితంగా దొరుకుతుంది, జనం పిలిస్తే వస్తారు, పైగా విమల గారికి ఇంకో ఉద్దేశం ఉంది. ప్రతి వానాకాలం మా సందులో మురుగు లైను మూసుకుపోయేది. అసోసియేషన్ వాళ్ళు లాలాగూడ నుంచి మల్లేశ్ అనే మేస్త్రీని, అతని ఇద్దరు మనుషులని పిలిచి మ్యాన్‌హోల్‌లోకి దించేవారు. అలా మనిషిని దించడం నేరమని చట్టం ఉంది. చట్టం ఉందని అందరికీ తెలుసు కూడా. సినిమా చూశాక మా కాలనీ వాళ్ళు మనిషిని మాని, మురుగును గొట్టంతో లాగేసే మిషిన్ బండిని పిలుస్తారా, లేక ఈ ఏడాది కూడా మల్లేశ్ దిగాల్సిందేనా అన్నది విమల గారు తేల్చుకోవాలనుకున్నారు. మా రిపోర్టు ప్రతి ఒకటి అసోసియేషన్‌కి కూడా వెళ్తుందని ముందే చెప్పుకున్నాం.

మా పని పద్ధతి బయటివాళ్ళకి వింతగా ఉంటుంది కాబట్టి కాస్త చెప్పాలి. తెర పక్కన ఓ మూల పొట్టి స్టూలు వేసుకుని, తెరకి వీపు పెట్టి, ప్రేక్షకుల వైపు తిరిగి కూర్చుంటాం. ఒళ్ళో అట్ట, అట్ట మీద రియాక్షన్ షీటు. ఎడమ పక్కన నిమిషాలు, కుడి పక్కన గళ్ళు. జనం నవ్వితే 'న', ఏడిస్తే 'ఏ', కుర్చీల్లో కదిలితే 'క', లేచి వెళ్తే 'లే'. చేతిలో చిన్న టార్చి, దాని ముఖానికి ఎర్ర కాగితం. ఇవి కాక, ఆట అయ్యాక అందరికీ ఒక కార్డు ఇస్తాం, తోచింది రాయమని. కార్డు మీద పేరు అడగం.

ఇంకో నియమం ఉంది. గుర్తులు వేసే మనిషి ఆ సినిమా చూసి ఉండకూడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దాఫీసరు నూరిపోసిన సంగతి ఇది. సినిమా చూసినవాళ్ళు ఎదుటివాళ్ళ ముఖాల్లో తమకొచ్చిన ఏడుపే వెతుక్కుంటారట. నాకది సబబుగానే తోచింది. ఉద్యోగమంతా మడి కట్టుకున్నట్టు పాటించాను. మరి తెర మీద ఏం జరిగిందో తెలిసేదెలా అంటే, నిర్మాతలు పంపే సీన్ లిస్టు ఉంటుంది. ఒక్కో సీనుకి ఒక్కో వాక్యం. షీటునీ లిస్టునీ పక్కపక్కన పెట్టుకుని రిపోర్టు రాస్తాం. మాటలు చెవిన పడతాయి కదా అంటారేమో. నేను తెనాలిలో పుట్టినదాన్ని. హైదరాబాదులో ఇన్నేళ్ళున్నా నా హిందీ కూరగాయల బండి దాకానే వచ్చి ఆగిపోయింది.

మొదటి ఆట క్యాంపస్ ఆడిటోరియంలో వేశాం. విద్యార్థులతో హాలు నిండింది. నలభై ఒకటో నిమిషం దగ్గర సీన్ లిస్టులో ఉన్నదిది: 'ఇంజనీరు స్వయంగా మ్యాన్‌హోల్‌లోకి దిగి, స్పృహ తప్పిన కార్మికుణ్ణి భుజాన వేసుకుని పైకి తెస్తాడు.' ఆ నిమిషంలో పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు, ఆనక ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. అరవై మూడో నిమిషం దగ్గర, 'హాస్య సన్నివేశం. ఒంటికి కంపు పట్టిన ఇంజనీరుని చూసి స్నేహితులు ముక్కులు మూసుకుని పారిపోతారు' అని ఉంది. అక్కడ పగలబడి నవ్వారు. లిస్టు ఏం చెప్పిందో ముఖాలూ అదే చెప్పాయి. హాయిగా ఇంటికి వెళ్ళి నిద్రపోయాను.

రెండోది మా కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం సాయంత్రం. మావాళ్ళు విద్యార్థుల కంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. నలభై ఒకటో నిమిషంలో చీర చెంగులు, చేతిరుమాళ్ళు బయటికొచ్చాయి. నా షీటులో ఆ వరస నిండా 'ఏ'లే. అరవై మూడో నిమిషంలో నవ్వులు, సరిగ్గా అక్కడే. ఆట అయ్యాక అసోసియేషన్ సెక్రటరీ ప్రసాదరావు గారు మైకు తీసుకున్నారు. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు, మాట చాలా జాగ్రత్తగా వాడే మనిషి. అలాంటిది అందరి ముందూ, ఇక మీదట మన కాలనీలో మనిషిని కిందకి దించే ప్రసక్తే లేదన్నారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు. కార్డులు చదువుతుంటే నాకే గుండె నిండింది. 'కన్నీళ్ళు ఆగలేదు' అని ఒకరు, 'ప్రతి భారతీయుడూ చూడాలి' అని ఒకరు. ఒక్క సోమయాజులు గారు మాత్రం మొదటి పాటకే గుర్రుపెట్టి, దీపాలు వెలిగాక లేచి, 'బోరు. ఫ్యాను తిరగడం లేదు' అని రాసిచ్చారు. కార్డు మీద పేరు లేకపోయినా, అలా రాసే మనిషి మా కాలనీలో ఇంకొకరు లేరు. ఆయన కార్డుని 'స్పందన లేదు' అన్న కట్టలో పెట్టాను.

మూడో ఆట మళ్ళీ ఆడిటోరియంలోనే, శనివారం మధ్యాహ్నం. లాలాగూడ, మల్కాజ్‌గిరి, అంబర్‌పేట్ల నుంచి కార్మికులు కుటుంబాలతో వచ్చారు. మల్లేశ్ మూడో వరసలో భార్యతో, స్కూలుకెళ్ళే కూతురితో కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి దండం పెట్టాడు. నేను స్టూలు మీద కూర్చుని టార్చి వెలిగించాను.

నలభై ఒకటో నిమిషం వచ్చింది. వెనక సంగీతం ఉప్పెనలా లేచింది. నేను పెన్ను 'ఏ' గడి మీద పెట్టి సిద్ధంగా ఉన్నాను. హాలంతా గొల్లుమంది. ఏదో ఒకరిద్దరు కాదు, వెనక వరస దాకా పొట్టలు పట్టుకుని నవ్వారు. మల్లేశ్ పక్కవాడి తొడ మీద చరిచి మరీ నవ్వాడు. నేను నోరెళ్ళబెట్టి, చేసేదిలేక 'న' వేశాను. అరవై మూడో నిమిషం హాస్య సన్నివేశం. అక్కడ చీమ చిటుక్కుమంటే ఒట్టు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. మల్లేశ్ కూతురు లేచి బయటికి వెళ్ళిపోయింది, వెనకే తల్లి వెళ్ళింది. 'లే' అని రాశాను.

ఆ రాత్రి షీటు ముందు పెట్టుకుంటే నాకేం పాలుపోలేదు. నిమిషాలు తప్పు రాశానేమోనని మా ఇన్వెస్టిగేటరు షీటుతో పోల్చాను. సరిపోయింది. వేరే సినిమా వేశారేమోనని ఆపరేటర్‌ని అడిగాను, అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఏడవాల్సిన చోట నవ్వి, నవ్వాల్సిన చోట లేచిపోయిన ప్రేక్షకులని నా సర్వీసులో చూడలేదు. విమల గారికి ఫోన్ చేసి చెబితే, ఎందుకు నవ్వారో కనుక్కోలేకపోయారా అన్నారు. నవ్వు ఎన్ని నిమిషాలో చెప్పడమే మా పని, ఎందుకో మా పరిధిలోకి రాదన్నాను. పద్ధతి ప్రకారం అది నిజం. అంత పద్ధతిగా మాట్లాడినందుకు ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను, సిగ్గులేకుండా.

రిపోర్టులో మూడో బృందం గురించి రాసిన పేరా నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'చిత్రం పట్ల ఏకాగ్రత తక్కువ. భాష అడ్డంకి కావచ్చు. గంభీర సన్నివేశాన్ని వినోదంగా స్వీకరించారు. ప్రమాదం గురించిన సందేశం ఈ బృందానికి చేరలేదు.' కింద నా సంతకం, హోదా, స్టాంపు. భాష అడ్డంకట! లాలాగూడలో పుట్టి పెరిగిన మల్లేశ్‌కి హిందీ రాదని, కూరగాయల బండి హిందీ మాట్లాడే నేను తేల్చాను. డైరెక్టరు చదివి చాలా శాస్త్రీయంగా ఉందని మెచ్చుకున్నారు. ప్రతి ఒకటి విమల గారికి, ఒకటి ప్రసాదరావు గారికి వెళ్ళాయి.

జూలై నెల సగంలో మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. నాలుగో రోజు పొద్దున సందులోకి అడుగుపెడితే కంపు. మ్యాన్‌హోల్ మూతల పక్కనుంచి నల్లనీళ్ళు ఊరుతున్నాయి. మా గేటుకి కాస్త ఎగువన మల్లేశ్, అతని మనుషులిద్దరూ వెదురు బద్దలు, బకెట్లు, తాడు దించుకుంటున్నారు. ప్రసాదరావు గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇదేమిటండీ, మిషిన్ బండి పిలుస్తామన్నారు కదా అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. పిలవకపోవడమేమిటి, నిన్ననే వచ్చి వెళ్ళిందట. సందుకి రెండు పక్కలా పదకొండు కార్లు ఉంటే ఆ లారీ లోపలికి ఎలా వస్తుంది? తీయమని కాలనీ గ్రూపులో మెసేజ్ పెడితే అందరూ దండాల బొమ్మలు పెట్టారు తప్ప ఒక్క కారూ కదల్లేదట. లారీ డ్రైవరు గంట చూసి విసుక్కుని పోయాడట.

"అయినా మీరే రాశారు కదండీ," అన్నారు ప్రసాదరావు గారు, జేబులోంచి మడత పెట్టిన నా రిపోర్టు తీస్తూ. "వాళ్ళకే ఆ భయం లేదని. మనమే అనవసరంగా హైరానా పడుతున్నాం."

నేను అలా రాయలేదందామనుకున్నాను. రాసింది అదే కదా. వెటకారం ఆయన ముఖంలో లేదు. ఆయన నా రిపోర్టు చదివి, నమ్మి, దాని ప్రకారం పని చేశారు. అలా చేసిన మొదటి మనిషి బహుశా ఆయనే.

తిన్నగా మల్లేశ్ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే వాళ్ళు మూడు మూతలు తీసి పక్కన పెట్టారు, దిగాల్సిన దానిది, దాని పైదీ, కిందదీ. తీసి ఊరికే కూర్చున్నారు. మల్లేశ్ గేటు మెట్టు మీద బీడీ జేబులోనే పెట్టుకుని, వెలిగించకుండా, సందు చివరికి చూస్తున్నాడు. ఎందుకు కూర్చున్నావని అడిగాను.

"గ్యాసు పోవాలె కద మేడమ్. గంట, గంటన్నర ఇడిసిపెట్టాలె. బొద్దింకలు పైకొచ్చి తిరగాలె. అవి బతికుంటే మనం బతుకుతం."

అప్పుడడిగాను, ఆ రోజు సినిమాలో ఎందుకు నవ్వారని. అడగడానికి నాకు నెల పట్టింది. అతను నా వైపు అదోలా చూశాడు.

"మీరు సూడలేదా సిన్మా? అవునులే, మీరు మా దిక్కే సూసుకుంట కూసున్నరు. ఆ హీరో ఏం జేసిండు? మూత తీసిండు, దబాల్న దూకిండు. బూట్లతోని! మూత తీసుడు, దిగుడు ఒక్కటే పాలి. గట్ల దిగినోడు ఇంకొకన్ని భుజం మీదేసుకుని పైకొస్తడా? ఇద్దరూ ఆడ్నే ఉంటరు. మా బాబాయి గట్లనే పోయిండు, లోపలున్నోన్ని కాపాడబోయి ఇంకోడు, ఆన్ని కాపాడబోయి ఇంకోడు." అని, "కొంచెం మిమ్మల్ని సూసి గూడ నవ్వినం మేడమ్. ఎర్ర బత్తి పట్టుకుని మా మొఖాలే సూస్తుంటే ఏంది గీ మేడమ్ అని," అన్నాడు.

ఆ నవ్వులో ఎంత హీరోకి, ఎంత నాకు అన్నది నాకిప్పటికీ తెలియదు. మరి ఆ కామెడీ సీనులో మీ అమ్మాయి ఎందుకు లేచిపోయిందని అడిగాను. బడిలో తోటి పిల్లలు ఆ పిల్లని చూసి ముక్కు మూసుకుంటారని చెప్పాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా. నేను ఆ పిల్లకి విసుగు పుట్టిందని లెక్క వేశాను.

అక్కడికక్కడే ప్రసాదరావు గారి చేతిలోంచి రిపోర్టు లాక్కుని, మెట్టు మీద పెట్టి, ఆ పేరా అడ్డంగా కొట్టేశాను. పక్కన 'ఇది నా పొరపాటు. ఈ ప్రమాదం గురించి ఈ బృందానికి తెలిసినంత ఎవరికీ తెలియదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఓపిగ్గా చదివారు. సరేనండీ, మరి నీళ్ళ సంగతేమిటి అన్నారు. కింద వాచ్‌మన్ గదిలోకి అప్పటికే నల్లనీళ్ళు వచ్చేశాయి. కార్లు నేను తీయిస్తాను, మీరు లారీని మళ్ళీ పిలవండి అన్నాను. మల్లేశ్‌తో, బాబూ, నువ్వు దిగడానికి వీల్లేదు, అక్కడే కూర్చో అన్నాను. "కూసుంట మేడమ్, గ్యాసు పోయేదాంక ఎట్లైన కూసునేదే," అన్నాడు.

ఆ తరవాతి గంటలో నేను కొట్టిన తలుపులు నా సర్వీసంతా కలిపి కొట్టి ఉండను. మొదటి అంతస్తులో ఒకావిడ ఉంది. 'కన్నీళ్ళు ఆగలేదు' అన్న కార్డు ఆవిడదే, మహిళా మండలి నోటీసులు రాసేది ఆవిడే కాబట్టి ఆ రాత నాకు తెలుసు. తాళం వాళ్ళాయన జేబులో ఉందట, ఆయన ఆఫీసులో ఉన్నారట. "మధ్యాహ్నానికి వచ్చేస్తారు. ఈలోపు అతన్నే కాస్త జాగ్రత్తగా చూసుకుని దిగమనకూడదూ?" అంది. మంచి మనిషే, నిజంగా ఏడ్చిన మనిషే, నేను కళ్ళారా చూశాను. నేను పక్క తలుపు కొట్టాను. రెండు కార్లు ప్రసాదరావు గారివే, ఆయన గబగబా తీశారు. ఒకాయన డ్రైవరు రాలేదన్నాడు. ఇంకొకాయన తీసి ఎక్కడ పెట్టమంటారని నాతో వాదన వేసుకుని, వాదన అయ్యాక తీశాడు.

సోమయాజులు గారి తలుపు కొట్టడానికి నాకు మొహమాటం వేసింది. ఆయన పూర్తిగా వినకుండానే లుంగీ ఎగ్గట్టి, తాళాలు ఆడిస్తూ, నన్నూ అసోసియేషన్‌నీ వానదేవుణ్ణీ కలిపి తిడుతూ కిందకి దిగారు. తన కారు మెయిన్ రోడ్డు మీద పెట్టి వచ్చి, డ్రైవరు రాని ఆయన తాళం కూడా లాక్కుని ఆ కారూ తీశారు. ఉండబట్టలేక, సినిమా మీరు చూడనేలేదు కదండీ అన్నాను.

"సినిమాకీ దీనికీ ఏమిటమ్మా సంబంధం? కంపు కొట్టడం లేదూ!" అని కసిరారు.

ఇదుగో, ఇక్కడే నాకు పూర్తిగా మతిపోయింది. నా కట్టల్లో 'గాఢ స్పందన' అని వేసినవాళ్ళు కొందరు తీశారు, కొందరు తీయలేదు. 'స్పందన లేదు' అని వేసినాయన రెండు కార్లు తీశాడు, అదీ కాలువలో దిగే మనిషి కోసమని కాదు, తన ముక్కు కోసం. ఏ గీత ఎక్కడ గీయాలి? ఆడిటోరియంలో వేసిన ఆ 'న'లూ 'ఏ'లూ దేనికి లెక్క?

పదకొండు దాటాక లారీ వచ్చింది. మొదటి అంతస్తు ఆవిడ భర్త కూడా పాపం ఆటోలో పరుగెత్తుకొచ్చి కారు తీశాడు. లారీ మెల్లగా లోపలికి వచ్చి, మొదటి రెండు మ్యాన్‌హోళ్ళలోకి గొట్టం వదిలితే నీళ్ళు గరగరమని లాగాయి. అందరూ బాల్కనీల్లోంచి చూస్తున్నారు. నా పక్కన ప్రసాదరావు గారు హమ్మయ్య అన్నారు. అసలు అడ్డు మాత్రం మలుపు దగ్గర మూడోదాంట్లో ఉంది. దాని దాకా గొట్టం రావాలంటే లారీ ఇంకో నాలుగు గజాలు ముందుకి రావాలి. రాలేదు. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"గా కవరేసిన బండెవలిదమ్మా?"

సందంతా నా వైపు తిరిగింది. అది మాదే. మావారు కంటి ఆపరేషన్ తరవాత నడపడం మానేశారు, నాకు నడపడం రాదు. రెండేళ్ళుగా కవరు కప్పి గోడ పక్కన ఉంచేశాం. ప్రసాదరావు గారు చెప్పిన పదకొండు కార్లలో పది తీయించి, మిగిలినది పొరుగువాళ్ళెవరో ముందే తీసుకెళ్ళారనుకున్నాను. పొద్దుట్నుంచీ అందరినీ నిలదీస్తూ తిరిగినదానికి, నా ఇంటి ముందున్నది కారేనని తట్టలేదు. మీరు నమ్మకపోయినా నేనేం చేయలేను.

ఇంట్లోకి పరుగెత్తి తాళం వెతికాను. దొరికింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ముందు టైర్లు రెండూ నేలకి అతుక్కుపోయాయి. చక్రాలు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. సోమయాజులు గారు, ప్రసాదరావు గారు, లారీ మనుషులు, మల్లేశ్ మనుషులు, అందరూ కలిసి తోశారు. కారు ఊగింది కానీ కదల్లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే సాయంత్రం వస్తానన్నాడు. లారీకి అంబర్‌పేట్‌లో ఇంకో పని ఉందట, ఇంకో పావుగంట చూసి వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ తుంపర మొదలైంది. వాచ్‌మన్ భార్య గదిలోంచి బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని బయటికొచ్చింది.

మల్లేశ్ చొక్కా విప్పి గేటుకి తగిలించాడు. వద్దు బాబూ, సాయంత్రం దాకా ఆగుదాం అన్నాను.

"మూడు గంటలాయె మేడమ్ తెరిసి. బొద్దింకలు తిరుగుతున్నయి. నేను ఒద్దంటే సార్ ఇంకోన్ని పిలుస్తడు, ఆనికి గివన్నీ ఎరుకుండదు," అన్నాడు. ప్రసాదరావు గారు నేలచూపులు చూశారు.

నడుముకి తాడు కట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు తాడు పట్టుకున్నారు. నేనూ పట్టుకుంటానంటే అవసరం లేదన్నారు, అయినా కొస పట్టుకున్నాను. అతను ఒక్కో మెట్టే దిగాడు, దిగిన ప్రతి మెట్టుకీ పైకి ఒక కేక వేశాడు, పైవాళ్ళు జవాబు కేక వేశారు. కాసేపటికి తల కూడా కనబడలేదు. కేక మాత్రం వస్తోంది. ఒకసారి జవాబు కాస్త ఆలస్యమైంది. అప్పుడు నేను అరిచిన అరుపుకి బాల్కనీల్లో జనం ఉలిక్కిపడ్డారట, తరవాత చెప్పారు. నాకైతే గుర్తులేదు. రెండు ఇటుకలు, ఒక పరుపు గుడ్డ, బకెట్ల కొద్దీ ప్లాస్టిక్ కవర్లు పైకొచ్చాయి. నీళ్ళు ఒక్కసారిగా జారిపోయాయి. చివర మల్లేశ్ వచ్చాడు. మా ఇంటి కుళాయి దగ్గర గంట సేపు స్నానం చేశాడు. మెడ మీద ఎవరో కాల్చినట్టు ఎర్రటి దద్దుర్లు తేలాయి. మావారు టీ ఇస్తే తాగి, ముగ్గురూ ఆటో ఎక్కారు.

నెలాఖరులో సవరించిన రిపోర్టు ఇచ్చాను. మూడో బృందం పేరా తీసేసి, మల్లేశ్ చెప్పిన కారణాలు అతని మాటల్లోనే రాశాను. రెండో బృందానికి ఒక గడి అదనంగా చేర్చి, ఆ రోజు ఎవరి కారు కదిలింది, ఎవరిది కదల్లేదు అన్నది రాశాను. పేర్లు రాయలేదు, కదలని ఒక్క కారు 'అధికారి'దేనని మాత్రం పూర్తిగా రాశాను. ఆ గడి పద్ధతిలో లేదని డైరెక్టరు కొట్టేశారు. విమల గారు మాత్రం ఉంచమని వాదించారు, ఫలితం లేకపోయింది. మిగిలిన ఏడాదిలో ఇంకో రెండు చిత్రాలు చేశాను. రెండింటినీ ముందుగా చూశాను, నవ్విన ప్రతి బృందాన్నీ ఎందుకు నవ్వారని అడిగాను, 'ప్రభావం' అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

నాకు తెలిసివచ్చింది ఇంతే. చీకట్లో ముఖం మీద కనిపించేదాన్ని కొలవచ్చు. అది ఏమిటో ఆ మనిషిని అడిగితేనే తెలుస్తుంది, మర్నాడు ఆ మనిషి ఏం చేస్తాడో అడిగినా తెలియదు. మా సందులో ఏడ్చినవాళ్ళ జాబితా ఒకటి, కారు తీసినవాళ్ళ జాబితా ఇంకొకటి. మొదటిదాంట్లో నా పేరు లేదు, నేను సినిమా చూడలేదు గనక. రెండోదాంట్లోనూ లేదు.